హాజరు పట్టీ
సంఘం ఎంత పెరిగితే సేవకుడు అంత గొప్పవాడనుకుంటే అది విశ్వాసం కాదన్న మాట నాకు సూటిగా తగిలింది. చెన్నై పెరంబూరులో మా తెలుగు సంఘానికి పదేళ్లుగా సండే స్కూల్ నడుపుతున్నాను. పిల్లలు నలభై మంది ఉన్నప్పుడు నా ప్రార్థన కూడా జోరుగా సాగేది (ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది). కోవిడ్ తర్వాత తొమ్మిది మంది మిగిలారు. శనివారం రాత్రి నుంచే టెన్షన్. దేవుడు నన్ను పక్కన పెట్టేశాడేమో అనుకున్నాను. అప్పుడు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే గారు గుర్తొచ్చారు. ఆయన 1837లో ఈ మద్రాసుకే వచ్చి, 1840లో నెల్లూరు వెళ్లారు. ఏళ్ల తరబడి పనిచేసినా విశ్వాసులు కొద్దిమందే. ఆ మిషన్ మూసేద్దామనే మాట కూడా అమెరికాలో వచ్చింది. అదే మిషన్‌లో ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది 1878లో. అప్పటికి ఆయన తిరిగి వెళ్లిపోయి చాలా ఏళ్లయింది. మరి ఆ కొద్దిమంది రోజుల్లో ఆయన దేవుని బిడ్డ కాకుండా పోయారా? అయితే అంకెలే చూడొద్దంటే మాత్రం ఒప్పుకోను. రెండు వారాలు రాని పిల్ల ఇంటికి నేను వెళ్లేది హాజరు పట్టీ చూసే కదా.