చికాగోలో లేబర్ పార్టీని చంపిందెవరు?

మేడే వచ్చిందంటే మన సభల్లో చికాగో పేరు మారుమోగుతుంది. హే మార్కెట్, ఎనిమిది గంటల పనిదినం, ఉరికంబమెక్కిన కార్మిక నాయకులు. ఎన్నిసార్లు చెప్పుకున్నా తక్కువే. కానీ అదే చికాగోలో 1923 జూలై 3న ఏం జరిగిందో ఏ వక్తా చెప్పగా నేను వినలేదు. అమెరికా కార్మికులు తమకంటూ ఒక పార్టీ నిలబెట్టుకునే అవకాశం ఆ వారంలో నోటిదాకా వచ్చి నేలపాలైంది. నేలపాలు చేసినవాళ్లలో కమ్యూనిస్టులు ముందున్నారు. కమ్యూనిజం మీద కోపంతో ఈ మాట రాయడం లేదు. ఆ ఉద్యమ సాహిత్యం చదివి పెరిగాను, అది నాకు చాలా ఇచ్చింది, అందుకే రాస్తున్నాను.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. "అమెరికాలో ఎర్రజెండాకు మొదటినుంచీ చోటు లేదు, అక్కడి కార్మికుడికి కారూ ఇల్లూ ఉంటే చాలు" అని తేలిగ్గా కొట్టిపారేసేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. కుడివైపు వాళ్లు సంతోషంగా అంటారు, ఎడమవైపు వాళ్లు నిట్టూర్చి అంటారు. ఇద్దరూ చరిత్ర చూడకుండానే అంటారు. 1912 అధ్యక్ష ఎన్నికల్లో సోషలిస్టు పార్టీ అభ్యర్థి యూజిన్ డెబ్స్‌కు 9 లక్షల ఓట్లు వచ్చాయి. పోలైన ఓట్లలో అది సుమారు 6 శాతం. అప్పటికి చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్లకు ఓటు హక్కే లేదు. 1910లోనే మిల్వాకీ నగరం సోషలిస్టు మేయర్‌ను ఎన్నుకుంది, అదే ఏడాది అక్కడినుంచి విక్టర్ బెర్గర్ కాంగ్రెస్‌కు గెలిచాడు. కాన్సాస్ రాష్ట్రంలో గిరార్డ్ అనే చిన్న ఊరినుంచి వెలువడిన 'అప్పీల్ టు రీజన్' అనే సోషలిస్టు వారపత్రిక ప్రతులు 5 లక్షలు దాటాయి. దాన్ని చందాలు కట్టించి ఊరూరా చేర్చినవాళ్లు గని కార్మికులు, రైల్వే కార్మికులు, అప్పుల్లో మునిగిన గోధుమ రైతులు. వీళ్లందరికీ వర్గ స్పృహ లేదని ఏ ముఖంతో అంటాం?

మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక ప్రభుత్వం ఈ గొంతులన్నిటినీ నులిమింది. యుద్ధాన్ని వ్యతిరేకిస్తూ 1918 జూన్‌లో ఒహాయో రాష్ట్రంలోని కాంటన్‌లో మాట్లాడినందుకు డెబ్స్‌కు పదేళ్ల జైలు వేశారు. 1920లో ఆయన అట్లాంటా జైల్లో 9653 నంబరు ఖైదీగా ఉంటూనే అధ్యక్ష పదవికి పోటీ చేశాడు. మళ్లీ 9 లక్షల ఓట్లు దాటాయి.

'ద మాసెస్' పత్రికకు జరిగింది చదివితే రక్తం ఉడికిపోతుంది. మాక్స్ ఈస్ట్‌మన్ సంపాదకుడు, జాన్ రీడ్ రాసేవాడు, ఆర్ట్ యంగ్ బొమ్మలు వేసేవాడు. 1917 ఆగస్టు సంచికను పోస్టాఫీసు పట్టుకెళ్లడానికి ఒప్పుకోలేదు. తరువాతి సంచిక తెస్తే, ఒక నెల సంచిక టపాలో వెళ్లలేదు కాబట్టి ఇది క్రమం తప్పకుండా వచ్చే పత్రిక కాదంటూ పత్రికలకిచ్చే చౌక తపాలా ధర రద్దు చేశారు. ఆపినవాళ్లే ఆగిపోయిందని శిక్ష వేశారన్నమాట. 1918లో పత్రిక సంపాదకుల మీద రెండుసార్లు విచారణ జరిగింది, రెండుసార్లూ జ్యూరీ ఏకాభిప్రాయానికి రాలేక చేతులెత్తేసింది.

ఆ పత్రికలో ఆర్ట్ యంగ్ వేసిన ఒక బొమ్మ గురించి చెప్పకుండా ఉండలేను. మురికివాడ ఇరుకు సందు, రాత్రి వేళ. ఇద్దరు పేద పిల్లలు తలెత్తి ఆకాశం చూస్తున్నారు. అబ్బాయి అమ్మాయితో అంటాడు: చుక్కలు చూడు, నల్లుల్లాగా ఎంత దట్టంగా ఉన్నాయో! అంతే. ఆ పిల్లవాడికి 'దట్టంగా' అంటే తెలిసింది పక్కలో పాకే నల్లులే. ఒక్క సిద్ధాంత వాక్యం లేదు, ఒక్క నినాదం లేదు, అయినా ఆ బొమ్మ చూసినవాడు ఇంటి యజమానుల దోపిడీని జీవితంలో మరిచిపోడు. 1919 జూలైలో నల్లజాతివాళ్ల మీద మూకదాడులు సాగుతున్న రోజుల్లో 'మాసెస్' వారసురాలైన 'లిబరేటర్'లో క్లాడ్ మెకే కవిత వచ్చింది, ఎదురు తిరిగి పోరాడుతూ చద్దామని. అమెరికా ఎర్ర సాహిత్యం అంటే నాకు ఇదీ. జనం ఎక్కడ ఉన్నారో అక్కడ నిలబడి రాసిన రాత.

ఇక అసలు కథకు వస్తాను. చికాగో కార్మిక సంఘాల సమాఖ్య అధ్యక్షుడు జాన్ ఫిట్జ్‌ప్యాట్రిక్. ఐర్లండ్‌లో పుట్టి, గుర్రాలకు లాడాలు కొట్టే వృత్తినుంచి వచ్చినవాడు. 1917-18లో చికాగో కబేళాల కార్మికులను సంఘటితం చేసి ఎనిమిది గంటల పని సాధించినప్పుడు ఆయన పక్కన నిలిచింది సంఘ నిర్మాత విలియం ఫాస్టర్. 1919 సెప్టెంబరులో మూడున్నర లక్షల మంది ఉక్కు కార్మికులు సమ్మె చేసినప్పుడూ ఈ ఇద్దరే ముందున్నారు. రోజుకు పన్నెండు గంటల పని చేసే మనుషులు వాళ్లు. సమ్మె ఓడిపోయింది, కానీ ఫిట్జ్‌ప్యాట్రిక్‌కు ఒక విషయం స్పష్టమైంది. పోలీసులు, కోర్టులు, గవర్నర్లు అన్నీ యజమాని చేతిలో ఉన్నప్పుడు సంఘం ఒక్కటే సరిపోదు, కార్మికులకు సొంత రాజకీయ పార్టీ కావాలి. సమ్మెకు ముందే 1919 వసంతంలో ఆయన లేబర్ పార్టీ తరఫున చికాగో మేయర్‌గా పోటీచేసి 55 వేలకు పైగా ఓట్లు తెచ్చుకున్నాడు. ఆ నవంబరులో జాతీయ లేబర్ పార్టీ ఏర్పడింది, 1920లో రైతులను కలుపుకొని ఫార్మర్-లేబర్ పార్టీ అయింది. ఆ ఏడాది వాళ్ల అధ్యక్ష అభ్యర్థి పార్లీ క్రిస్టెన్సెన్‌కు రెండున్నర లక్షల ఓట్లకు పైగా వచ్చాయి.

ఇదంతా సామ్యూల్ గాంపర్స్‌కు కంటగింపు. అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అధినేతగా ఆయన సిద్ధాంతం ఒకటే: ఉన్న రెండు పార్టీల్లో మిత్రులకు ఓటేయండి, శత్రువులను ఓడించండి, సొంత పార్టీ మాత్రం వద్దు. ఫిట్జ్‌ప్యాట్రిక్ దానికి ఎదురు నిలిచాడు. అంతేకాదు, ఫాస్టర్ కమ్యూనిస్టు అయిన తరువాత కూడా చికాగో సంఘాల్లో అతనికి గొడుగు పట్టాడు. ఆ రోజుల్లో అది మామూలు ధైర్యం కాదు. 1920 జనవరి 2 రాత్రి ముప్ఫైకి పైగా నగరాల్లో దాడులు చేసి వేలమందిని పట్టుకెళ్లిన ప్రభుత్వం అది. వలస వచ్చినవాళ్లను ఓడలెక్కించి దేశంనుంచి పంపేశారు. అలాంటి కాలంలో ఒక సంఘ నాయకుడు కమ్యూనిస్టులకు తలుపు తెరిచాడు.

ఆ కమ్యూనిస్టులు ఎవరు? 1919 సెప్టెంబరులో చికాగోలోనే రెండు పార్టీలుగా పుట్టి, అజ్ఞాతంలోకి వెళ్లి, 1921 డిసెంబరులో వర్కర్స్ పార్టీ పేరుతో బయటికి వచ్చినవాళ్లు. 1923 నాటికి సుమారు 15 వేలమంది. సగానికి దగ్గరగా ఫిన్లండ్‌నుంచి వచ్చినవాళ్లే. ఇంగ్లిషు మాట్లాడే సభ్యులు పదిమందిలో ఒకరు. వాళ్ల భాషా పత్రికలు అద్భుతంగా నడిచేవి. తమ భాషలో, తమ హాళ్లలో, నాటకాలు వేసుకుంటూ, పాటలు పాడుకుంటూ బతికిన కార్మికులు. వాళ్లంటే నాకు అపారమైన గౌరవం. కానీ మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ 1880ల్లోనే అమెరికాలోని జర్మన్ సోషలిస్టులకు చెప్పాడు: విదేశీ వేషం వదిలేయండి, పూర్తిగా అమెరికన్లు కండి. 1886 డిసెంబరులో తన అనువాదకురాలు ఫ్లోరెన్స్ కెల్లీకి రాసిన ఉత్తరంలో ఇంకా సూటిగా అన్నాడు. సిద్ధాంతపరంగా మచ్చలేని కార్యక్రమానికి పడే లక్ష ఓట్లకంటే, నిజమైన కార్మికుల పార్టీకి పడే పదీ ఇరవై లక్షల ఓట్లు ఎన్నో రెట్లు విలువైనవని.

1922లో కమ్యూనిస్టులు ఈ మాట అర్థం చేసుకున్నట్టే కనిపించింది. లేబర్ పార్టీ కావాలని రాయడం మొదలుపెట్టారు. ఆ రాతల్లో ప్రధానమైనది జాన్ పెప్పర్ రాసిన కరపత్రం. పెప్పర్ అసలు పేరు యోజెఫ్ పొగాని, 1919లో హంగేరీలో కొన్ని నెలలు నడిచిన సోవియట్ ప్రభుత్వంలో పనిచేసి, మాస్కో మీదుగా ఆ ఏడాదే అమెరికా చేరుకున్నాడు. దేశంలో అడుగుపెట్టిన కొన్ని నెలలకే అమెరికా రాజకీయాలు మొత్తం తెలిసినట్టు రాయడం మొదలుపెట్టాడు. అతనికి ప్రతిభ లేదనను. కానీ కబేళాలో గాని, ఉక్కు కొలిమి దగ్గర గాని, యూనియన్ ఆఫీసులో గాని ఒక్క పూట పనిచేయని మనిషి పార్టీ ఎత్తుగడ నిర్ణయించాడు. ఫిట్జ్‌ప్యాట్రిక్‌తో రోజూ మాట్లాడే చికాగో కామ్రేడ్లు ఆ ఎత్తుగడను అమలు చేసే చేతులుగా మిగిలారు. నాకు అన్నిటికంటే మంట పుట్టించేది ఇదే.

1923 జూలై 3న చికాగోలో సమావేశం. పిలిచింది ఫిట్జ్‌ప్యాట్రిక్ పార్టీ. పెద్ద జాతీయ సంఘాలు రాలేదు, సోషలిస్టు పార్టీ రానంది. ఇంకా తొందరపడి కొత్త పార్టీ ప్రకటించవద్దని ఫిట్జ్‌ప్యాట్రిక్ అన్నాడు. న్యాయమైన మాట. సంఘాలు లేకుండా లేబర్ పార్టీ ఏమిటి? కానీ హాలు అప్పటికే నిండిపోయింది. వర్కర్స్ పార్టీకి అధికారికంగా కేటాయించిన ప్రతినిధులు పదిమంది. లోపలికి వచ్చిన కమ్యూనిస్టులు దాదాపు రెండు వందలమంది. స్థానిక సంఘాల పేర్లతో, వలస కార్మికుల భాషా సంఘాల పేర్లతో, సాహిత్య సమితుల పేర్లతో, పాటల బృందాల పేర్లతో వచ్చారు. చేతులెత్తించే పద్ధతి తెలిసినవాళ్లు, కూడబలుక్కుని కూర్చున్నవాళ్లు. ఫిట్జ్‌ప్యాట్రిక్ వర్గం పెట్టిన ప్రతిపాదన చిత్తుగా ఓడిపోయింది. మూడు రోజుల్లో ఫెడరేటెడ్ ఫార్మర్-లేబర్ పార్టీ పుట్టింది, దాని పగ్గాలు వర్కర్స్ పార్టీ చేతికి వచ్చాయి. ఆరు లక్షలమంది శ్రామికులకు ప్రతినిధులమని ప్రకటించుకున్నారు. ఆ ఆరు లక్షలు కాగితం మీదే ఉన్నాయి.

సొంత సమావేశంలో తనను అతిథిలాగా నిలబెట్టిన మనుషులను చూసి ఫిట్జ్‌ప్యాట్రిక్‌కు ఎలా ఉండి ఉంటుంది? గాంపర్స్ తిట్టినా, పత్రికలు బురద చల్లినా వాళ్ల చేయి వదలని మనిషి ఆయన. ఆ రోజు తరువాత వదిలేశాడు. లేబర్ పార్టీ ఆలోచననే వదిలేసి గాంపర్స్ వైపు వెళ్లిపోయాడు. 1946లో చనిపోయేదాకా చికాగో సమాఖ్యకు ఆయనే అధ్యక్షుడు, అంటే ఇంకో ఇరవైమూడేళ్లు ఆ తలుపు మూసే ఉంది. 1923 అక్టోబరులో పోర్ట్‌లండ్‌లో జరిగిన ఫెడరేషన్ మహాసభ విలియం డన్‌ను కమ్యూనిస్టు అన్న కారణంతో బయటికి గెంటేసింది. మోంటానా రాగి గనుల ఊరు బ్యూట్‌నుంచి వచ్చి, కార్మికుల దినపత్రిక నడిపిన మనిషి. జూలైలో ఆ హాలును పట్టుకోకపోయి ఉంటే అక్టోబరులో అతని పక్షాన చికాగో నిలబడేదనే నా నమ్మకం.

ఆ రోజుల్లో పార్టీ పత్రికలు దీన్ని ఘనవిజయంగా రాశాయి. నేను క్షమించలేనిది అక్కడే. నల్లులను చూసిన కన్ను ఉన్న ఉద్యమం, ఖాళీ అయిన హాలును చూడలేకపోయింది. 'లిబరేటర్' 1922లోనే పార్టీ చేతికి వచ్చింది, 1924లో వేరే పత్రికలతో కలిసిపోయి మాయమైంది. 1924 జనవరి 13న చికాగోలో 'డైలీ వర్కర్' మొదలైంది. ఇంగ్లిషులో కమ్యూనిస్టు దినపత్రిక నడపడం చిన్న పని కాదు, అందులో మంచి సమ్మె వార్తలూ వచ్చాయి. కానీ ముఠా తగాదాల వ్యాసాలు పేజీలకు పేజీలు. ఫాస్టర్ వర్గం, పార్టీ కార్యదర్శి రూథెన్‌బర్గ్, పెప్పర్‌ల వర్గం ఒకరినొకరు తిట్టుకునే ఆ భాషను సమ్మెలో ఉన్న గని కార్మికుడు ఎందుకు చదవాలి?

1924లో ఇంకా ఘోరం. విస్కాన్సిన్ సెనేటర్ రాబర్ట్ లా ఫాలెట్ అధ్యక్ష ఎన్నికల్లో మూడో అభ్యర్థిగా దిగాడు. మొదట కమ్యూనిస్టులు అతన్ని బలపరుద్దామనుకున్నారు. మేలో మాస్కోలోని కమ్యూనిస్టు ఇంటర్నేషనల్ వద్దంది, అదే నెలలో లా ఫాలెట్ కూడా కమ్యూనిస్టులతో పొత్తు లేదని బహిరంగ లేఖ రాశాడు. జూన్‌లో సెయింట్ పాల్‌లో రైతు-కార్మిక సమావేశం పెట్టి వేరే అభ్యర్థులను నిలబెట్టారు. కొన్ని వారాలకే వాళ్లనూ తప్పించి ఫాస్టర్‌ను దింపారు. ఫలితం? లా ఫాలెట్‌కు 48 లక్షల ఓట్లు. ఫాస్టర్‌కు 40 వేలు కూడా రాలేదు.

"గాంపర్స్ ఎలాగూ దాన్ని బతకనిచ్చేవాడు కాదు, ప్రభుత్వం అణిచేసేది, కమ్యూనిస్టులను ఎందుకు నిందిస్తావు" అని ఈ పోస్టు కింద ఎవరో ఒకరు రాస్తారు. అణచివేత ఎంత దారుణమో పైన రాశాను, దాన్ని తక్కువ చేయను. కానీ శత్రువు కొట్టడం శత్రువు పని. మిత్రుడు ఇచ్చిన తాళంచెవితో ఇల్లు ఆక్రమించుకోవడం మనం చేసిన పని. దానికి లెక్క మనమే చెప్పాలి.

పైగా అది బతకగలదని మిన్నెసోటా రుజువు చేసింది. అక్కడ రైతులు, కార్మికులు కలిసి 1918నుంచి కట్టుకున్న ఫార్మర్-లేబర్ పార్టీ 1922లో హెన్రిక్ షిప్‌స్టెడ్‌ను, 1923 జూలైలో, సరిగ్గా చికాగోలో అంతా కుప్పకూలిన ఆ నెలలోనే, మాగ్నస్ జాన్సన్‌ను సెనేట్‌కు పంపింది. 1930లో ఫ్లాయిడ్ ఓల్సన్ గవర్నర్ అయ్యాడు. 1933లో ఆయన ప్రభుత్వం తెచ్చిన చట్టం తాకట్టులో ఉన్న పొలాలు, ఇళ్లు వేలం కాకుండా ఆపింది. దాన్ని మరుసటి ఏడాది సుప్రీంకోర్టు కూడా సమర్థించింది. పక్కనే ఉత్తర డకోటాలో రైతుల సంఘం అధికారంలోకి వచ్చి 1919లో పెట్టిన ప్రభుత్వ బ్యాంకు ఇప్పటికీ నడుస్తోంది. మిన్నెసోటా పార్టీ 1944లో డెమొక్రాట్లతో కలిసిపోయింది, అందుకే అక్కడి బ్యాలెట్ మీద నేటికీ 'డెమొక్రాటిక్-ఫార్మర్-లేబర్' అని ఉంటుంది. మినియాపోలిస్‌లో ఓటు వేస్తున్న మన తెలుగువాళ్లు ఆ పేరులో 'ఫార్మర్', 'లేబర్' ఎలా వచ్చాయో ఒకసారి తెలుసుకోండి, మీ పిల్లలకూ చెప్పండి.

పెప్పర్‌ను 1938లో స్టాలిన్ ప్రభుత్వం కాల్చిచంపింది. ఎవరికీ రాకూడని చావు అది. కానీ ఆ చావు చూపించి చికాగోలో అతను చేసింది మాఫీ చేయమంటే నేను ఒప్పుకోను. వచ్చే మేడేకు మన ఊళ్లలో చికాగో గురించి మాట్లాడబోయే వక్తలను చేతులెత్తి అడుగుతున్నాను: 1886తో పాటు 1923 కూడా చెప్పండి. ఫిట్జ్‌ప్యాట్రిక్ పేరు చెప్పండి. ఆ హాల్లో పదిమందికి బదులు రెండు వందలమంది ఎలా వచ్చారో చెప్పండి.