వంతు అయిపోయిందండీ

అసోసియేషన్ ఎన్నికలొచ్చాయి, వాట్సాప్ గ్రూపులు అప్పుడే వేడెక్కాయి. ప్రెసిడెంట్ పదవికి ముగ్గురు నిలబడ్డారు, ముగ్గురిదీ ఒకటే మాట: "నాకు పదవి మీద ఆశ లేదండీ, అందరూ బలవంతం చేశారు." ఆ మాట వింటే నాకు బైబిల్లో ఇశ్రాయేలీయుల నాయకుడు గిద్యోను గుర్తొస్తాడు.

శత్రువులైన మిద్యానీయుల్ని గెలిచొచ్చిన గిద్యోనుని, నువ్వూ నీ కొడుకూ మనవడూ మమ్మల్ని ఏలండి అని జనం అడిగారు. నేను ఏలను, నా కొడుకూ ఏలడు, యెహోవాయే ఏలతాడు అన్నాడు. ఎంత గొప్ప మాట! కానీ ఆ వెంటనే, దోపుడు సొమ్ములో చెవిపోగులు తలా ఒకటి వెయ్యండి అని 1,700 షెకెళ్ల (షెకెలు అప్పటి తూకం) బంగారం పోగేశాడు. ఆ పైన ఒక కొడుక్కి అబీమెలెకు అని పేరు పెట్టాడు, అంటే 'మా నాన్న రాజు'. కుర్చీ వద్దన్నాయన ఇంట్లో పిలుచుకునే పేరు అదీ!

ఆ కొడుకే పెద్దయ్యాక 70 మంది అన్నదమ్ముల్ని ఒకే రాతి మీద చంపించి రాజయ్యాడు. దాక్కుని బతికిన చిన్నవాడు యోతాము గెరిజీము కొండెక్కి చెప్పిన చెట్ల కథ న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో ఉంది. చెట్లన్నీ కలిసి రాజుని వెతుక్కుంటే ఒలీవ, అంజూరం, ద్రాక్ష మూడూ మాకు పనుందన్నాయి. చివరికి ముళ్లపొద ఒప్పుకుని, రండి, నా నీడలో ఉండండి అంది. ముళ్లకంపకి నీడెక్కడిదండీ, మా రాజోలు వైపు కాలవ గట్టు మీద దాని కింద మేక కూడా పడుకోదు.

ప్రసంగాల్లో ఎప్పుడూ ముళ్లపొదనే తిడతారు గానీ నాకు ఒలీవ చెట్టు మీదా కోపమే. మనమూ అంతేగా, డ్యూటీలు, పిల్లల క్లాసులు అని తప్పుకుని, ఎవరో ఒకరు కూర్చున్నాక రెండేళ్లు లెక్కల గురించి సణుగుతాం. తప్పుకోవడం వినయం కాదు. శిష్యుల కాళ్లు కడిగిన రాత్రి కూడా యేసు, మీరు నన్ను బోధకుడనీ ప్రభువనీ పిలవడం సరైనదే అన్నాడు, కాదనలేదు.

అబీమెలెకు ఏలింది మూడేళ్లు. తేబేసు అనే ఊళ్లో ఒకామె గోపురం మీంచి తిరగలి రాయి వేస్తే తల పగిలింది, అప్పుడు కూడా, ఆడదాని చేతిలో చచ్చాడంటారు, నువ్వే పొడిచెయ్యి అని తన మనిషిని అడిగాడు. ఏం లాభం, తర్వాత దావీదు రాజు కాలంలో ఆయన సేనాపతి యోవాబు నోట కూడా, ఆడదాని చేతిలో చచ్చాడన్న అదే మాట!

మా తాతది శివారు పొలం, కాలవ చివర్న. దాళ్వాలో, అంటే రెండో పంటకి, గోదావరి నీళ్లు తగ్గితే వంతులు పెడతారు, తన వంతు అవగానే పై రైతు, చేను తడిసినా తడవకపోయినా తూము మూసెయ్యాలి. ఓ రాత్రి తాత టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నడుస్తుంటే నేను వెనకాలే వెళ్లాను. పైన తూము దగ్గర ఓ పెద్ద రైతు తువ్వాలు పరుచుకుని కూర్చున్నాడు. "ఇంకో గంట ఆగవయ్యా" అన్నాడు. తాత గొంతు పెంచలేదు, "వంతు అయిపోయిందండీ" అని అక్కడే నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు, నాకు కాళ్లు పీకాయి. చివరికి ఆయనే లేచి తూము దించాడు.

అందుకే ఈ ముగ్గురి మేనిఫెస్టోలూ నేను చదవలేదు. ఒక్కటే అడుగుతున్నాను: దిగిపోయాక బ్యాంకు సంతకాలు, మెయిల్ పాస్‌వర్డ్ ఎన్ని రోజుల్లో అప్పజెపుతారు? పోయినసారి నాలుగు నెలలు పట్టింది.