దుమ్ముకూ ముల్కీ హక్కు కావాలి

నల్లగొండ నుంచి దేవరకొండ దాకా, పాలమూరు నుంచి గద్వాల దాకా ఏ కట్టె మిషన్ మడిగెలోకి పోయినా ముందు ఎదురొచ్చేది యజమాని కాదు, దుమ్ము. ట్యూబులైటు మీద, మెయిన్ బోర్డు మీద, క్యాలెండర్‌లోని నరసింహస్వామి కిరీటం మీద అది ఏ రందీ లేకుండా కూర్చుని ఉంటుంది. నిజాం జమానాలో ముల్కీ, అంటే స్థానికుడు, అనిపించుకోవాలంటే 15 ఏళ్లు ఇక్కడే కాపురముండాలన్నారు. ఆ లెక్కన మన మడిగెల్లో రేకుల కింది దుమ్ముకు ఎప్పుడో సర్టిఫికెట్ రావాలి. కాయితం ఇయ్యకపోగా, దాన్ని వెళ్లగొట్టడానికి డస్ట్ కలెక్టర్ అని ఒక యంత్రాన్ని తెచ్చి మూలకు నిలబెట్టారు.

అయితే మన యజమానులు మరీ గుండె లేనివాళ్లు కారు. యంత్రం కొన్నారు, విశ్వకర్మ జయంతి నాడు సెప్టెంబర్ 17న దానికి కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టారు. ఆ తర్వాత మాత్రం దుమ్ముకు ఈగ వాలనివ్వకుండా నడుపుతున్నారు. ఈ విద్య ఏ ఐటీఐలోనూ చెప్పరు గనుక దీని మెలకువలను రాసిపెట్టడం అవసరమైంది. దుమ్ము ద్రోహులు చేసే కుట్రలను కూడా పక్కనే రాస్తున్నాం. ఎవరి నుంచి జాగ్రత్తపడాలో తెలియాలి కదా.

యంత్రంలో పెద్ద మర్మమేమీ లేదు. 2 హెచ్‌పీ మోటారు, నిమిషానికి సుమారు 2,850 చుట్లు, దాని షాఫ్టుకు డొప్పలో తిరిగే ఇనుప రెక్కల చక్రం, దాన్నే బ్లోయర్ అంటారు. అది గాలిని లాగి పక్కకు విసురుతుంది. బరువైన పొట్టు కింది సంచిలో పడుతుంది, గాలి పైన ఉన్న బట్ట సంచిలో వడగట్టుకుని మడిగెలోకి వస్తుంది. బయటికి గాలి పోతేనే లోపలికి గాలి వస్తుంది. దుమ్ము హితైషులు పట్టుకున్న కిటుకు ఇదే. రెండు దారుల్లో ఏదో ఒకటి బిడాయిస్తే చాలు, యంత్రం ఎంత మొత్తుకున్నా దుమ్ముకు ఢోకా లేదు.

అందుకే పై సంచిని ముట్టరాదన్నది మొదటి నియమం. సన్నటి దుమ్ము బట్ట రంధ్రాల్లో మేట వేస్తుంది, గాలి సగం పోతుంది, కోత మిషన్ కింద పొట్టు కుప్ప పడుతుంది. అప్పుడు యజమాని "మోటారు చిన్నగయింది, 3 హెచ్‌పీది తేవాలె" అని తీర్మానిస్తాడు. తెస్తాడు కూడా. అదే మూసుకుపోయిన సంచికి బిగిస్తాడు.

ద్రోహులు ఏం చేస్తారంటే, రోజూ పని అయ్యాక మోటారు ఆపి, లోపల ఎగిరే దుమ్ము కిందికి దిగేదాకా పది నిమిషాలు ఆగి, సంచిని బయటి నుంచి చేత్తో మెల్లగా దులుపుతారు. నెలకోసారి కంప్రెసర్ గాలి ఒత్తిడిని 2 బార్‌కు తగ్గించి, జానెడు దూరం నుంచి, బయటి వైపు నుంచి లోపలి వైపుకు కొడతారు. లోపలి నుంచి కొడితే దుమ్ము బట్టలో ఇంకా లోతుకు దిగుతుందట. అట్లని కట్టెతో ధనాధనా బాదరు, వారం వారం ఉతకరు. బట్ట మీద పల్చటి దుమ్ము పొర నిలిస్తేనే ఇంకా సన్నటి దుమ్ము ఆగుతుంది. కొత్త సంచి మొదటి రోజుల్లో పొగలాగా వదిలేది ఆ పొర లేకనే. అంటే దుమ్మును పట్టడానికి దుమ్మునే కొలువులో పెట్టుకున్నారన్నమాట. ఇంతకు మించిన ద్రోహం ఉంటుందా?

ఇంకో కుట్ర ఉంది, ఇది మరీ చవకది. సుతారి మేస్త్రి గోడ మట్టం చూసుకునే పారదర్శకమైన లెవల్ పైపు ఉంటుంది కదా, అది రెండు మీటర్లు తెచ్చి, చెక్క పలక మీద లాడం ఆకారంలో వంచి క్లిప్పులు కొడతారు. సగం దాకా రంగు నీళ్లు పోస్తారు. బ్లోయర్ నుంచి సంచుల్లోకి గాలి పోయే మెడ దగ్గర ఆ పైపు పట్టేంత రంధ్రం చేసి ఒక కొస అందులో పెట్టి సిలికాన్ పూస్తారు, రెండో కొస మడిగె గాలికి వదిలేస్తారు. మోటారు ఆడగానే ఒక వైపు నీళ్లు దిగి రెండో వైపు లేస్తాయి. కొత్త సంచి కొన్నాళ్లు పని చేశాక, ఒకసారి దులిపి, ఒక్కో మిషన్ పైపుకు ఉండే మూత పలకల్లో, అంటే గేట్లలో, ఒకే ఒకటి తెరిచి, ఆ రెండు మట్టాల తేడాకు మార్కర్‌తో గీత గీస్తారు. మళ్లీ అదే గేటు తెరిచి చూసినప్పుడు తేడా రెండింతలైతే సంచి మూసుకుపోయినట్టు. ఇక మోటారు మీద నింద వేయడానికి వీలుండదు. ఇట్లాంటి పలకలను గోడల మీద ఎక్కనివ్వరాదు.

కింది సంచిని మూతి దాకా నింపడం మన ఆనవాయితీ. మూడింట రెండు వంతులు దాటితే గాలి సుడికి పొట్టు మళ్లీ లేచి పై సంచికి అంటుకుంటుంది. సంచిని పట్టి ఉంచే బెల్టు వదులైతే ఆ సందులోంచి సన్నటి దుమ్ము సరాసరి యజమాని టేబుల్ మీదికి వస్తుంది, ఛాయ్ గ్లాసులో కూడా. కొందరైతే బ్లోయర్‌కు ముందు డ్రమ్ము పెట్టి పొట్టును అందులోనే ఆపాలని చూస్తారు. వాళ్లతో కొట్లాడే పని లేదు. డ్రమ్ము మూతకు ఒక సన్నటి సందు మిగిల్చితే చాలు. ఆ సందులోంచి లోపలికి వచ్చిన గాలి, అడుగున పడ్డ పొట్టునంతా లేపి మళ్లీ సంచికే పంపిస్తుంది.

ఇక మోటారు చప్పుడు. దీని మీద ఉన్నంత మూఢభక్తి మన జిల్లాల్లో ఇంకా దేని మీదా లేదు. "సేటూ, మస్తు సౌండ్ ఇస్తున్నది, జబర్దస్త్‌గ గుంజుతున్నది" అని పనివాడు అంటాడు, సేటు తృప్తిగా తలూపుతాడు. నిజానికి పైపు మూసుకుపోయినప్పుడే ఆ గొంతు సన్నబడి హెచ్చుతుంది. గాలి కదలకపోతే చక్రానికి పని లేదు, పని లేకపోతే చుట్లు కొంచెం పెరుగుతాయి, ఆంపియర్లు పడిపోతాయి. కరెంటు కొలిచే క్లాంప్ మీటరు వైరుకు తగిలించి చూస్తే తెలుస్తుంది: మోటారు ప్లేటు మీద రాసిన దానికంటే బాగా తక్కువ చూపిస్తే ఎక్కడో దారి మూసుకున్నట్టే. పైపూ సంచీ రెండూ పీకేసి ఉత్త బ్లోయర్‌ను ఆడిస్తే గాలి విచ్చలవిడిగా పోయి ఆంపియర్లు ప్లేటు అంకె దాటుతాయి, మోటారు కాలే ప్రమాదం అప్పుడే. పని లేనివాడు చల్లగా ఉండి గట్టిగా అరవడం, పని ఉన్నవాడు వేడెక్కడం కొన్ని కచేరీల్లో కూడా ఉందని గిట్టనివాళ్లు అంటారు. మనకెందుకు.

త్రీ ఫేజ్ ఉన్నచోట దుమ్ముకు ఇంకో వరముంది. ట్రాన్స్‌ఫార్మర్ మార్చినప్పుడో, స్టార్టర్ విప్పి బిగించినప్పుడో రెండు ఫేజులు తారుమారైతే మోటారు ఉల్టా తిరుగుతుంది. కోత మిషన్ ఉల్టా తిరిగితే చూడగానే తెలుస్తుంది. బ్లోయర్ అట్ల కాదు. చక్రం ఎటు తిరిగినా గాలిని బయటి అంచుకే విసురుతుంది గనుక లాగుడు ఆగదు, బాగా తగ్గుతుంది, అంతే. నెలల తరబడి ఎవరికీ అనుమానం రాదు. సంచి మారుస్తారు, పైపు మారుస్తారు, ఆఖరికి వాస్తు కూడా చూపిస్తారు. ద్రోహి ఒక్కడే వచ్చి, మోటారు ఆపి, అది ఆగబోయే ముందు వెనక ఫ్యాన్ ఎటు తిరుగుతున్నదో చూసి, బ్లోయర్ డొప్ప మీది బాణం గుర్తుతో పోలుస్తాడు. తేడా ఉంటే మెయిన్ దించి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకుని, మూడు వైర్లలో ఏవైనా రెండు అటిటు మారుస్తాడు. ఖర్చు సున్నా. ఇట్లాంటివాళ్ల వల్లనే వ్యాపారాలు దెబ్బతింటున్నాయి.

సింగిల్ ఫేజ్‌వాళ్లు దిగులుపడాల్సిన పని లేదు. వాళ్లకు కెపాసిటర్ ఉంది. మోటారు "మ్‌మ్‌" అని మూలిగి తిరగకపోతే సగం సార్లు తప్పు దానిదే. మార్చేటప్పుడు దాని మీద రాసిన మైక్రోఫారడ్ అంకె అదే ఉండాలి, వోల్టు అంకె తగ్గరాదు, పాతది ముట్టుకునే ముందు అందులో నిలిచిన కరెంటును దించాలి. ఎండాకాలం వోల్టేజీ సంగతి చెప్పనే అక్కర్లేదు. 230 చోట 184 వస్తే, అంటే 80 శాతం వస్తే, మోటారు తిరుగుబలం 64 శాతానికి పడిపోతుంది.

పైపుల విషయంలో మాత్రం మనవాళ్ల ప్రతిభ అపారం. 6 అంగుళాల పైపు నోటి వైశాల్యం 28 చదరపు అంగుళాలు, 4 అంగుళాలది 12.6, రెండున్నర అంగుళాలది 4.9. మనవాళ్లు కట్టెను నున్నగా చెక్కే రందా మిషన్‌కు ఉన్న 4 అంగుళాల నోటికి, ఇంట్లో పడి ఉందని రెండున్నర అంగుళాల గొట్టం తగిలిస్తారు. అయిదింట మూడు వంతుల దారి అక్కడే తెగిపోతుంది. మిగిలినదానికి ముడతల పైపు పది మీటర్లు చుట్టలు చుట్టి వదులుతారు. ఆ ముడతల రాపిడి నున్నటి పీవీసీకి రెండు మూడింతలు. మలుపు వచ్చిన ప్రతిచోటా 90 డిగ్రీల ఎల్బో. ద్రోహులు 160 మిల్లీమీటర్ల పీవీసీని మెయిన్ లైనుగా వేసి, మలుపు దగ్గర 45 డిగ్రీల బెండ్లు రెండు కలిపి, కొమ్మలకు టీ (T) ఆకారపు జాయింటు బదులు వై (Y) ఆకారపుది పెట్టి, చివరి ఒక్క మీటరే ముడతల పైపు వాడతారు. పెద్ద పైపు పెట్టి చిన్న నోరు ఒక్కటే తెరిచినా ఉపయోగం లేదని కూడా వాళ్లకు తెలుసు. పొట్టు పైపులో పడిపోకుండా పోవాలంటే గాలి సెకనుకు 20 మీటర్లు పరుగెత్తాలి, లేకపోతే మెయిన్ లైనులోనే మేట వేస్తుంది.

ప్రతి మిషన్ దగ్గరా ఒక గేటు ఉంటుంది. నాలుగు మిషన్లు ఉంటే నాలుగు గేట్లూ తెరిచి పెట్టడం సమన్యాయం. దానివల్ల నాలుగింటిలో ఏదీ లాగదు, అందరూ సమానంగా దగ్గుతారు. ఒక గేటు తెరిచి మూడు మూద్దామని చూసినా గేటు గాడిలో పొట్టు గట్టిపడి పలక చివరి దాకా దిగదు. గాడి మూలను చిన్న ఆకురాయితో కోసి తెరిస్తే, పలక దిగిన ప్రతిసారీ పొట్టు దానంతటదే బయటికి తోసుకుపోతుందట. పది నిమిషాల పని. అందుకే ఎవరూ చేయరు. లీకులు పట్టడానికి ఊదుబత్తి పొగ చూపించే పద్ధతి కొందరు చెప్తారు గానీ, పొట్టు మధ్యలో నిప్పు వద్దు. సన్నటి కుట్టు దారం ముక్కను కీలు దగ్గర పట్టుకుంటే చాలు, లీకు ఉన్నచోట అది లోపలికి వంగుతుంది. అక్కడ అల్యూమినియం టేపు.

బ్లోయర్ నోట్లో అడ్డంగా ప్లస్ ఆకారంలో ఒక కమ్మి ఉంటుంది. రందా మిషన్ నుంచి వచ్చే పొడుగు సుర్లు దానికి చుట్టుకుని పక్షి గూడు కడతాయి. లాగుడు ఒక్కసారిగా చచ్చిపోతే ముందు చూడాల్సింది ఇది. ప్లగ్గు పీకి, పైపు విప్పి, పట్టకారుతో లాగేయాలి. కమ్మి చేతిని ఆపడానికి పెట్టారు, కోసేయరాదు. బ్లోయర్ గడగడ వణికితే రెక్కల మీద జిగురు దుమ్ము ఒక వైపు గట్టిపడిందనో, చెక్క ముక్క తగిలి రెక్క వంగిందనో అర్థం. ప్లగ్గు పీకి చేత్తో తిప్పినప్పుడు గరగర వినిపిస్తే బేరింగు. ఈ సైజు మోటార్లలో ఎక్కువగా 6205 ఉంటుంది, విప్పి నెంబరు చదివి తేవడం మేలు. ఇంతమంది దుమ్ము లాగే మోటారుకు సొంత ఫ్యాన్ జాలీ ఎప్పుడూ మూసుకుపోయి ఉండటం అన్నది వేరే సంగతి.

దుమ్ముకు గిట్టనివాళ్లు విదేశాల్లో కూడా ఉన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కిందనున్న క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో కట్టె దుమ్మును మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి గ్రూపులో చేర్చింది. ముక్కు లోపల, సైనసుల్లో వస్తుందట. మన మడిగెల్లో దీనికి విరుగుడుగా దస్తీ కట్టుకుంటారు. కనిపించే పొట్టు దస్తీకి ఆగుతుంది, ఊపిరితిత్తుల్లోకి పోయే సన్నటిది ఆగదు. నేల ఊడ్చాం కదా అనుకునేవాళ్లు పొద్దుగూకాక మిషన్లు ఆపి, లైట్లు ఆర్పి, ఒక టార్చి వేసి చూడాలి. ఆ వెలుగులో తేలుతూ ఉండేదే అసలు స్థానిక జనాభా.

చివరగా నిప్పు. పాత ఇండ్లు కూల్చిన టేకు దూలాలు మన దగ్గర బాగా దొరుకుతాయి, వాటిలో మేకులు ఇంకా బాగా దొరుకుతాయి. మేకు ముక్క ఇనుప చక్రానికి తగిలి నిప్పురవ్వ లేస్తే, అది సంచిలోని పొట్టులో పెద్దగా పొగ కనిపించకుండా గంటల తరబడి రగులుతుంది, షట్టర్ దించి అందరూ ఇంటికి పోయాక మండుతుంది. అందుకే దూలం మిషన్ ఎక్కకముందు అయస్కాంతంతో తడమాలి, గ్రైండర్ రవ్వలను ఈ పైపులోకి ఎప్పుడూ పోనివ్వరాదు, రాత్రికి సంచి ఖాళీ చేసి బయట పెట్టాలి. ఖాళీ చేసిన దాంట్లో ఉత్త కట్టె పొట్టు పొట్టుపొయ్యికి పోతుంది, రందా సుర్లు కోళ్ల ఫారంలో పరుపుకు పోతాయి. ప్లైవుడ్, ఎండీఎఫ్ పొట్టులో జిగురు మందు ఉంటుంది గనుక అది పొయ్యికీ వద్దు, కోళ్లకూ వద్దు, పశువుల కొట్టానికీ వద్దు. దాన్ని వేరే సంచిలో పోసి, మూతికి సుతిలి రెండు చుట్లు చుట్టి చెత్తబండికి ఇయ్యాలి. బండి మీద టార్పాలిన్ కప్పారా లేదా అన్నది ఇక దుమ్ము అదృష్టం.