సొమ్ము ఊరిది, సోకు పిజ్జాది

మన దగ్గర బహిరంగ సభలో కుర్చీలు ఖాళీగా ఉంటే ఏం చేస్తారో అందరికీ తెలుసు. ఊళ్లకు బస్సులు పంపుతారు. బిర్యానీ పొట్లాలు, ఆపైన ఇంకేవో పంచుతారు. అప్పటికీ నిండకపోతే వెనక వరసల కుర్చీలు ఎత్తేయించి, కెమెరాను స్టేజీ మీద నుంచి కదపొద్దంటారు. ఎంత శ్రమ, ఎంత ఖర్చు! అమెరికాలోని డెట్రాయిట్ వాళ్లు ఇదే సమస్యను ఒక్క రంగుతో తేల్చేశారు.

2017 సెప్టెంబరులో అక్కడి డౌన్‌టౌన్‌లో రెడ్ వింగ్స్ ఐస్ హాకీ జట్టు కోసం లిటిల్ సీజర్స్ అరీనా తెరిచారు. జట్టు రంగు ఎరుపు కాబట్టి కుర్చీలూ ఎర్రవే వేశారు. తీరా ఆట మొదలయ్యాక టీవీలో చూస్తే గుంటూరులో మిరపకాయలు ఆరబోసినట్టు ఎటు చూసినా ఎరుపే. మరుసటి ఏడాదే ఆ కుర్చీలు ఊడదీసి నల్లవి బిగించడం మొదలుపెట్టారు. జనం రావడం మన చేతిలో లేదు. రాని జనం టీవీలో కనపడకుండా చూసుకోవడం మన చేతిలో పనే.

నేను ఆ ఊరికి అరగంట దూరంలో నోవైలో ఉంటాను. కార్ల కంపెనీల పుణ్యమా అని ఈ చుట్టుపక్కల మనవాళ్లు బాగానే ఉన్నారు. కొందరు ఈ అరీనాను తిడుతుంటారు గానీ నేను ఆ గుంపులో మనిషిని కాను. రేపు మన ఊళ్లలో ఇలాంటిది కట్టాలనుకునే వాళ్లకు పనికొస్తుందని, దీన్ని కొన్నేళ్లుగా భక్తితో చదువుకుంటున్నాను.

ముందుగా మెచ్చుకోవలసింది ముహూర్తం. 2013 జులై 18న డెట్రాయిట్ నగరం దివాలా పిటిషన్ వేసింది. అప్పు సుమారు 1,800 కోట్ల డాలర్లు. అమెరికాలో ఏ నగరమూ అంత భారీగా మునగలేదు. వీధి దీపాల్లో 40 శాతం వెలగడం లేదని, పోలీసులకు ఫోన్ చేస్తే రావడానికి సగటున 58 నిమిషాలు పడుతోందని, పాడుబడ్డ కట్టడాలు 78 వేలున్నాయని ఆ రోజుల్లో అధికారులే కాగితం మీద రాసిచ్చారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. ఇక్కడ మాత్రం అంత తొందరపడలేదు, ఆరు రోజులు ఆగారు. జులై 24న రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన మిషిగన్ స్ట్రాటెజిక్ ఫండ్ వారు అరీనా పథకానికి, దాంతోపాటు 45 కోట్ల డాలర్ల బాండ్లకు పచ్చజెండా ఊపారు. అవతల దివాలా కోర్టులో నగరం రిటైర్డ్ ఉద్యోగుల పింఛన్లు కోసే లెక్క మొదలైంది. చివరికి మామూలు ఉద్యోగులకు నాలుగున్నర శాతం కోశారు, ధరలతో పాటు ఏటా పెరిగే భాగం తీసేశారు. ఈ రెండు సంగతులకూ సంబంధం లేదని, రెండూ వేరు వేరు ఖాతాలని పెద్దలు ఓపిగ్గా వివరించారు. నిజమే. ఒకే ఇంట్లో రెండు బీరువాలుంటే, ఒకటి ఖాళీ అయినంత మాత్రాన రెండోది తెరవకూడదని ఎక్కడుంది?

రెండో బీరువాలోకి డబ్బు వచ్చే దారి ఇది. డౌన్‌టౌన్‌లో ఆస్తుల విలువ పెరిగితే, పెరిగిన మేరకు వచ్చే పన్ను డౌన్‌టౌన్ డెవలప్‌మెంట్ అథారిటీ చేతికి పోతుంది. అందులో బడుల పేరు మీద వసూలయ్యే పన్ను కూడా ఉంది. అయ్యో, పిల్లల డబ్బు కదా అని కంగారుపడకండి. ఆ లోటు రాష్ట్రం పూడుస్తుంది. రాష్ట్రానికి ఎక్కడిదంటారా? ప్రజలిచ్చిందే. అంటే ప్రజల డబ్బు ప్రజలకే వెనక్కి వస్తుంది, దారిలో ఒక్క హాకీ స్టేడియం దగ్గర ఆగి వస్తుందంతే. 2016 జనవరిలో, అరీనాకు ఇంకా ఇనుము ఎత్తుతున్న రోజుల్లో, డెట్రాయిట్ పంతుళ్లు గోడల నిండా బూజు, గదుల్లో ఎలుకలు అంటూ ఒకేరోజు మూకుమ్మడిగా సిక్ లీవ్ పెట్టారు. 80కి పైగా బడులు మూతపడ్డాయి. పాపం, వాళ్లు కూడా వేరే ఖాతా.

జట్టు ఇలిచ్ కుటుంబానిది. మైక్ ఇలిచ్, ఆయన భార్య మేరియన్ 1959లో పిజ్జా కొట్టు పెట్టి లిటిల్ సీజర్స్‌ను దేశమంతా పాకించారు. 1982లో రెడ్ వింగ్స్‌ను 80 లక్షల డాలర్లకు కొన్నారు, అప్పట్లో అది ఓడిపోవడమే పనిగా పెట్టుకున్న జట్టు. దాన్ని నిలబెట్టి, ఐస్ హాకీలో అన్నిటికన్నా పెద్దదైన స్టాన్లీ కప్పును నాలుగుసార్లు తెచ్చిపెట్టారు. అరీనా తెరవడానికి కొన్ని నెలల ముందే పెద్దాయన పోయారు. నిర్మాణం 45 కోట్ల అంచనాతో మొదలై 86 కోట్లు దాటితే, పెరిగిన ఖర్చులో ఎక్కువ భాగం వాళ్లే పెట్టుకున్నారు. అది చెప్పకపోతే అన్యాయం. ఊరి జనం వాటా 32 కోట్ల పైచిలుకు డాలర్లతో సరిపోయింది.

కట్టిన తర్వాత యజమాని ఎవరు? ఆ అథారిటీనే, అంటే జనమే. ఆ మాట విన్నప్పుడు నా గుండె ఉప్పొంగింది. హైదరాబాదులో టు-లెట్ బోర్డు పెట్టిన ఇంటివాళ్లు కొత్తగా వచ్చిన వాళ్లకు ఎన్ని షరతులు చెబుతారో అనుభవించినవాణ్ణి. ఇక్కడి ఔదార్యం ఎంతటిదంటే, నగరం తన స్థలాలను అరీనా కోసం ఒక్క డాలరుకు ఆ అథారిటీకి రాసిచ్చింది. యజమాని అరీనాను ఇలిచ్ వారి కంపెనీకి 35 ఏళ్లకు అప్పగించాడు, ఆ తర్వాత కావాలంటే పొడిగించుకుంటూ పోవచ్చన్నాడు. టికెట్లు, తిండి, పార్కింగ్, అన్నిటి మీదా వచ్చేది అద్దెకున్నవాళ్లదే. అందులో ఊరికి వాటా లేదు. గేటు మీద పేరు అమ్ముకునే హక్కూ వాళ్లదే. ఆ పేరును 20 ఏళ్లకు 12.5 కోట్ల డాలర్లు పెట్టి కొన్నది ఎవరనుకున్నారు? లిటిల్ సీజర్స్. ఇలిచ్ వారి పిజ్జా కంపెనీ ఇలిచ్ వారి స్టేడియం కంపెనీకి డబ్బు కట్టింది. కుడి జేబులోంచి తీసి ఎడమ జేబులో పెట్టుకునేటప్పుడు కూడా రసీదు రాసుకునే క్రమశిక్షణ అంటే ఇదీ.

ఇదంతా చేసేముందు జనాన్ని ఓటు అడగలేదు. అడిగితే ఏమవుతుందో పదేళ్ల తర్వాత అరిజోనాలో తేలింది. 2023 మేలో టెంపే పట్టణంలో కయోటీస్ హాకీ జట్టు అరీనా మీద ఓటింగ్ పెట్టారు. జనం వద్దన్నారు. మరుసటి ఏడాదే జట్టు సాల్ట్ లేక్ సిటీకి వెళ్లిపోయింది. మండుటెడారిలో మంచు ఆట పోయిందని ఎంతమంది కుమిలిపోయారో!

ఇక అరీనా ఒక్కటే అయితే ఇంత రాయనక్కర్లేదు. 2014లో ఇలిచ్ వారు చెప్పింది ఏమిటంటే, చుట్టూ దాదాపు 50 బ్లాకుల మేర కొత్త ఊరే వెలుస్తుందని. ఇళ్లు, హోటళ్లు, దుకాణాలు, మొత్తం ఐదు పేటలు. వుడ్‌వర్డ్ స్క్వేర్, కొలంబియా పార్క్, కొలంబియా స్ట్రీట్, వైల్డ్‌క్యాట్ కార్నర్, క్యాస్ పార్క్ విలేజ్ అని బారసాల కూడా చేసేశారు. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మనం ఎగతాళి చేస్తాం గానీ, ఐదుగురు సోమలింగాలకు ఒకేసారి పేరు పెట్టగలగడం చిన్న విషయమా? తర్వాత ఒక వీధిలో కొన్ని హోటళ్లు వచ్చాయి, పిజ్జా కంపెనీకి పెద్ద ఆఫీసు వచ్చింది, వేన్ స్టేట్ యూనివర్సిటీ వారి మైక్ ఇలిచ్ బిజినెస్ స్కూలు వచ్చింది. (వ్యాపారం నేర్చుకోవడానికి పిల్లలు కిటికీలోంచి బయటికి చూస్తే చాలు.) మిగతా చోట చాలావరకు పార్కింగ్ లాట్లు వెలిశాయి. 2023లో మరో పెద్ద కంపెనీతో కలిసి 150 కోట్ల డాలర్ల కొత్త పథకం తెచ్చారు. దానికి ప్రభుత్వాల నుంచి రాయితీలు దాదాపు 80 కోట్ల డాలర్లు. మళ్లీ బొమ్మలు వేశారు. ఇలాంటి బొమ్మల్లో ఎప్పుడూ ఒకాయన కుక్కను తిప్పుతుంటాడు. ఆయన ఏ పేటలో ఉంటాడో కనుక్కుందామని నా కోరిక.

ఆ మధ్య మా బావగారు తెనాలి నుంచి వస్తే మ్యాచ్‌కి తీసుకెళ్లాను. ఆయన మున్సిపాలిటీలో రెవెన్యూ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. ఆట ఆయనకు పట్టలేదు. పైకప్పు వంకా కింద మంచు వంకా మార్చి మార్చి చూసి, "దీనికి ఇంటి పన్ను ఎంతండీ?" అన్నారు.

"లేదు బావగారూ. ప్రభుత్వ ఆస్తి కదా."

"మరి లోపల వ్యాపారం చేసుకునేది?"

"ప్రైవేటు వాళ్లు."

ముప్పై ఏళ్లు డిమాండ్ నోటీసులు పంచిన మనిషి. కాసేపు మాట్లాడలేదు. ఎదురుగా చీకట్లోకి చూసి, "అటుపక్క అంతమంది ఉన్నారే, ఒక్కరూ చప్పట్లు కొట్టరేం?" అన్నారు. నల్ల కుర్చీలని చెప్పాను.

బయటికొచ్చేసరికి మంచు పడుతోంది. కనుచూపు మేర కార్లే. "ఇదంతా ఖాళీ స్థలమేగా, వేకెంట్ ల్యాండ్ టాక్స్ అయినా వేస్తున్నారా?" అని అడిగారు. ఖాళీ స్థలం కాదు, ఇవి పేర్లున్న పేటలని మొత్తం కథ చెప్పాను. ఆయన తలాడించి, చలికి చేతులు రుద్దుకుంటూ నా వెనకే నడిచారు. ఎంత నడిచినా నా కారు దొరకలేదు.

"ఎక్కడ పెట్టారండీ?"

"క్యాస్ పార్క్ విలేజ్‌లోనే పెట్టాను బావగారూ. మూడో వరసలో."