ప్రశ్న పదునెక్కితేనే పరిశోధన

తాగునీటిలో ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తగ్గించే విధానాన్ని ప్రపంచమంతా ‘నల్లగొండ పద్ధతి’ అంటుంది. దాన్ని రూపొందించింది మాత్రం నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ. అప్పట్లో నల్లగొండ, పాలమూరు ప్రాంతానికి విశ్వవిద్యాలయమే లేదు. నేడు నల్లగొండలో మహాత్మాగాంధీ, మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయాలు ఉన్నాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. మన నేల అడిగే ప్రశ్నలకు మన పిల్లలే జవాబు వెదకాలని కోరుకోవడం అత్యాశ కాదు. అయితే నిధులు కావాలంటే పరిశోధన ప్రతిపాదన ముందుగా నిపుణుల సమీక్షలో నెగ్గాలి. తేటగా లేని ప్రణాళిక అక్కడే ఆగిపోతుంది.

‘మర్రిగూడ మండలంలో ఫ్లోరోసిస్‌పై సమగ్ర అధ్యయనం’ అని నల్లగొండ జిల్లా నుంచి ఒక ప్రతిపాదన వెళ్లిందనుకుందాం. ఫ్లోరోసిస్ అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు. సమగ్రం అంటే ఏమిటి? నీళ్లా, ఎముకలా, పంటలా? అన్నీ అంటే ఏదీ కాదని సమీక్షకులకు తెలుసు. ఇది నేల విడిచి సాము చేయడమే.

అదే సమస్యను ఇలా అడిగి చూడండి: ఇంటింటికీ నల్లా నీరిచ్చే మిషన్ భగీరథ పథకం నీరు ఊరికి చేరిన తర్వాత పుట్టిన పిల్లలకు కొత్తగా వస్తున్న శాశ్వత దంతాలపై ఫ్లోరైడ్ మచ్చలు తగ్గాయా? ఇది జవాబు దొరికే ప్రశ్న. పంటిపై పింగాణీ పొర ఏర్పడేది పసితనంలోనే కాబట్టి, అప్పుడు తాగిన నీటి గుర్తు పంటి మీద మిగిలిపోతుంది. పెద్దల మూత్రాన్ని పరీక్షిస్తే ఇంత స్పష్టత రాదు. ఏళ్ల తరబడి బోరు నీరు తాగినవారి ఎముకల్లో చేరిన ఫ్లోరైడ్, నీరు మారిన తర్వాత కూడా మెల్లగా బయటికి వస్తూనే ఉంటుంది. పిల్లల్నే ఎందుకు ఎంచుకున్నామో ఇలా ఒక్క పేరాలో చెప్పగలిగితే సమీక్షకుడికి సగం నమ్మకం కుదురుతుంది.

మిగతా సగం వివరాల్లో ఉంటుంది. ఏ ఊళ్లను దేనితో పోలుస్తారు? ఎందరు పిల్లలు, ఆ సంఖ్యకు లెక్క ఏమిటి? మచ్చల తీవ్రతను డీన్ సూచికతో కొలిస్తే, పిల్లవాడు ఏ ఊరివాడో తెలియకుండా ఇద్దరు దంతవైద్యులు విడివిడిగా చూస్తారా? వాళ్లిద్దరి అంచనాలు కలవకపోతే ఏం చేస్తారు? ఇంట్లో భగీరథ నీరు తాగే పిల్లవాడు చేను దగ్గర బోరు నీరే తాగుతుంటే ఆ తేడా ఎలా పట్టుకుంటారు? నీటి నమూనాలను వానలకు ముందు, తర్వాత కూడా తీస్తారా? లీటరుకు 1 మిల్లీగ్రాము, ప్రత్యామ్నాయం లేనిచోట 1.5 అన్న భారతీయ ప్రమాణాల్లో దేన్ని గీటురాయిగా తీసుకుంటారు? ప్రతిపాదన చదివే సమీక్షకులు పుణేలోనో భువనేశ్వర్‌లోనో ఉంటారు. చండూరు, మునుగోడు వారికి తెలియవు. వారికి తెలిసిందల్లా ఆ కాగితం మీద ఉన్నదే.

మచ్చలు తగ్గలేదని తేలితే? ఆ ఫలితం కూడా విలువైనదేనని, దాన్ని దాచబోమని ప్రణాళికలోనే రాయాలి. అనుకున్న జవాబు కోసమే బయలుదేరే పరిశోధనను ఏ నిపుణుడూ నమ్మడు, నమ్మకూడదు కూడా.

విద్యార్థుల మీదే బరువంతా మోపడం న్యాయం కాదు. ప్రతిపాదన పంపేముందు వేరే శాఖ అధ్యాపకుడొకరు దాన్ని చదివి నిలదీసే ఏర్పాటు రెండు విశ్వవిద్యాలయాల్లోనూ తప్పనిసరి చేయాలి. రసాయనశాస్త్ర ప్రణాళికను గణాంకశాస్త్రం తెలిసినవారు చదివితే నమూనా లెక్కల్లోని లోపాలు ఇంట్లోనే బయటపడతాయి. మనుషులపై చేసే పరిశోధనలకు అనుమతినిచ్చే నైతిక కమిటీలు వేళకు సమావేశం కావాలి. 2023 నాటి చట్టంతో ఏర్పడిన అనుసంధాన్ జాతీయ పరిశోధన ఫౌండేషన్ సహా నిధులిచ్చే సంస్థలన్నీ తిరస్కరించిన ప్రతి ప్రతిపాదనకూ కారణాలను విడమరచి రాయాలి. ‘తగినంత నాణ్యత లేదు’ అన్న ఒక్క వాక్యంతో ఏ యువ పరిశోధకుడూ ఏమీ నేర్చుకోలేడు.

మరో మాట. ఫ్లోరైడ్ పీడిత గ్రామాల ప్రజలు దశాబ్దాలుగా అడిగినవారికల్లా రక్తం, మూత్రం ఇచ్చారు, పళ్లు చూపించారు. ఫలితాన్ని తెలుగులో అచ్చువేసి గ్రామసభలో చదివి వినిపించడానికి అయ్యే ఖర్చును ప్రతి ప్రతిపాదన బడ్జెట్‌లోనూ చూపాలి. అది లేని ప్రణాళికను సమీక్షకులు వెనక్కి పంపాలి.