రెండు మందుల చీటీలు, ఒక్కటే తల

ఇప్పుడే ఆసుపత్రి నుంచి వచ్చాను. చేతిలో రెండు మందుల సంచులు, తలలో అదే మైగ్రేన్ సుత్తి.

చైనాలోని గ్వాంగ్‌జౌ నగరానికి వచ్చి నాలుగేళ్లయింది. చైనా వైద్యాన్నీ పాశ్చాత్య వైద్యాన్నీ కలపమని ఇక్కడి ప్రభుత్వం 1950ల నుంచి చెబుతూనే ఉంది. ఆసుపత్రి గోడ మీద కూడా అడుగెత్తు అక్షరాలతో అదే రాశారు. ఎక్కడ కలిపారు నాయనా? మూడో అంతస్తులో నరాల డాక్టరు రోజూ వేసుకోవడానికి ఫ్లునారిజిన్, నొప్పి మొదలవగానే వేసుకోవడానికి రైజట్రిప్టాన్ రాశాడు. ఈ రెండోది నెలలో పది రోజులు వాడితే ఆ మాత్రే తలనొప్పి తెస్తుందని బెదిరించాడు కూడా. ‘కింద ఇచ్చిన కషాయం తాగుతున్నానండీ’ అన్నాను. ‘అది వాళ్ల సంగతి’ అన్నాడు, తల ఎత్తకుండా.

కింది అంతస్తులో చైనా వైద్యం చేసే పెద్దాయన నాలుక చాపమన్నాడు, మూడు వేళ్లతో నాడి పట్టాడు, తలలో ‘గాలి’ చేరిందన్నాడు. పై డాక్టరు చీటీ చూపిస్తే పక్కకు జరిపి, దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు. టీ గ్లాసు!

ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క లిఫ్టు. కలపడమేదో నా కడుపులోనే జరగాలి.

ఆక్యుపంక్చర్ సూదులను ఏమీ అనను. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గుచ్చే సూది నాకు పనిచేస్తుంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలిచ్చే ‘నైస్’ సంస్థ కూడా కొందరు మైగ్రేన్ రోగులకు పది దఫాల వరకు సూదులు సూచించింది. నా కోపం ఆ కషాయం మీద. చువాన్‌షియోంగ్ వేరు, తియన్‌మా దుంప మరిగించి పాల ప్యాకెట్లలా మూసి ఇస్తారు. చింతపండు రసం రంగు, నేలవేము చేదు. వాంతులవుతున్న మనిషి అది ఎలా తాగాలో ఏ అంతస్తులోనూ చెప్పరు.

చైనా చరిత్రలో మూడు రాజ్యాల కాలపు సేనాధిపతి త్సావ్ త్సావ్‌కూ ఇదే తలనొప్పి. హువా తువో అనే వైద్యుడు సూది వేస్తే తగ్గేది. చివరికి ఆ వైద్యుణ్ణే చంపించాడు, పైగా బతికున్నా నా జబ్బు నయం చేసేవాడు కాదన్నాడట. ఇన్నాళ్లూ దుర్మార్గుడనుకున్నాను. ఈ రోజు కొంచెం జాలేసింది.

అయినా పరాయి దేశపు డాక్టర్లను అని ఏం లాభం? మన భాషలో విసిగించే ప్రతివాడూ ‘తలనొప్పే’ కదా, ఇక అసలు తలనొప్పికి విలువెక్కడిది! పెళ్లయిన కొత్తలో గదిలోకి వెలుతురు రాకుండా తలుపు కింద తువ్వాలు పెట్టుకుని పడుకున్నాను. మా ఆడపడుచు దాన్ని కాలితో జరిపి లోపలికి వచ్చి, ‘తలనొప్పేగా వదినా, లేచి కాఫీ పెడితే అదే పోతుంది’ అంది.

లేచి పెట్టాను. ఏడుగురికి.