సిమ్యులేటర్ పాసైంది సరే, ఎక్కడిదాకా?

2025 జనవరి 5న పోర్‌బందర్‌లో కోస్ట్‌గార్డ్ ధ్రువ్ హెలికాప్టర్ కూలి ముగ్గురు చనిపోయాక మిగతా ధ్రువ్‌లన్నిటినీ నెలల తరబడి నేలమీదే ఆపేశారు. పైలట్లు అలవాటు తప్పకుండా ఉండాలంటే సిమ్యులేటరే, అంటే నేలమీదే ఉండి ఎగురుతున్నట్టు అనిపించే నకిలీ కాక్‌పిట్టే, దిక్కయింది. అందులో తప్పేం లేదు. కానీ ఆ సిమ్యులేటర్ అచ్చం అసలు హెలికాప్టర్‌లాగే స్పందిస్తుందని ఎవరు, ఎలా తేల్చారు అన్నది మన దగ్గర ఎవరూ అడగరు.

దానికో పద్ధతి ఉంది. హెలికాప్టర్‌కి సెన్సర్లు బిగించి ఎగరేస్తారు, పైలట్ స్టిక్ ఎంత కదిపాడో, ముక్కు ఎంత వంగిందో, టార్క్ (రోటర్‌ని తిప్పే బలం) ఎంతుందో అన్నీ రికార్డు చేసి, అవే కదలికలు సిమ్యులేటర్‌ని నడిపే కంప్యూటర్ మోడల్‌కిచ్చి రెండు గ్రాఫులూ కలుస్తున్నాయా అని చూస్తారు. నిలకడగా ఎగిరేటప్పుడు ముక్కు కోణంలో తేడా ఒకటిన్నర డిగ్రీ, టార్క్‌లో 3 శాతం దాటకూడదు. ఇలాంటి పరీక్షలన్నీ గట్టెక్కితే సిమ్యులేటర్లలో అన్నిటికన్నా పెద్ద హోదా, లెవెల్ డి.

కలవకపోతే? అసలు కథ అక్కడుంది. కారణం వెతికి మోడల్‌ని సరిచేయొచ్చు, లేదంటే జవాబు ముందే చూసుకున్న పిల్లాడిలా మధ్యలో ఓ అంకె దిద్ది గ్రాఫుని కలిపేయొచ్చు. రెండోది ఆ వేగానికి, ఆ బరువుకి పనిచేస్తుంది, అది దాటితే ఏమవుతుందో ఎవరికీ తెలీదు. స్టిక్ ముందుకి తోస్తే హెలికాప్టర్ కాస్త పక్కకీ ఒరుగుతుంది కదా, చాలా మోడళ్లు ఏళ్ల తరబడి ఆ ఒరుగుడుని ఉల్టా దిక్కులో చూపించాయి! రోటర్ వంగినప్పుడు దాని కింద గాలి సుడులు కూడా వంగుతాయన్న సంగతి లెక్కలోకి వచ్చింది 1990లలోనే.

మనకి తెలిసిన ఘోరమే చూడండి. 2009 సెప్టెంబర్ 2న పావురాలగుట్ట దగ్గర వైఎస్ హెలికాప్టర్ కూలినప్పుడు, చెడ్డ వాతావరణంలో ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెజర్ హెచ్చరిక సిబ్బంది దృష్టిని లాగేసిందని, తర్వాత బలమైన గాలి కిందికి నెట్టేసిందని విచారణలో తేలింది. అలాంటి గండాన్ని ప్రాక్టీస్ చేయాలంటే సిమ్యులేటర్‌లోనే చేయాలి. తీరా చూస్తే సరిగ్గా అక్కడే టెస్ట్ డేటా ఉండదు, కొలతల కోసం తుపాను మబ్బులోకి హెలికాప్టర్‌ని ఎవరు తోలతారు? తోక రోటర్ ఫెయిలవడమూ అంతే. అక్కడ సిమ్యులేటర్ చూపించేది చాలావరకు అంచనా, కానీ కూర్చున్న పైలట్‌కి అది నిజంలాగే అనిపిస్తుంది. టెస్ట్ పైలట్లకైతే మరీ టెన్షన్, కొత్త హద్దుకి ఎంత దగ్గరగా వెళ్లొచ్చో వాళ్లకి ముందుగా చెప్పేది ఈ మోడలే.

అందుకే మేం పౌర విమానయానాన్ని అజమాయిషీ చేసే డీజీసీఏని, సైన్యాన్ని అడిగేది పెద్ద కోరికేం కాదు. బెంగళూరులోని హెచ్‌ఏఎల్-సీఏఈ కేంద్రంలో ఉన్నా ఇంకెక్కడున్నా, ప్రతి హెలికాప్టర్ సిమ్యులేటర్ సర్టిఫికెట్‌కి ఓ పేజీ జతచేయండి: ఏ బరువు, ఏ వేగం, ఏ ఎత్తు దాకా అసలు ఫ్లైట్ డేటాతో సరిచూశారు, ఎక్కడ అంకెలు దిద్దారు, ఎక్కడినుంచి అంచనా. ఆ పేజీ ఫైల్లో మూలుగుతూ కాకుండా ఇన్‌స్ట్రక్టర్ చేతిలో ఉండాలి, హెలికాప్టర్‌లో కంట్రోల్ సిస్టమో సాఫ్ట్‌వేరో మారిన ప్రతిసారీ కొత్తగా రాయాలి.